కారు ఏసీలో ఆయిల్ లెక్క



ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాదు మెకానిక్ షెడ్లలో గానీ ఒకే మాట పదే పదే వినిపిస్తుంది. "అన్నా, ఏసీ చల్లగా రావట్లేదు." దానికి జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. "గ్యాస్ తగ్గింది సార్, కొట్టేద్దాం." కాసేపట్లో గ్యాస్ ఎక్కుతుంది, చల్లగాలి వస్తుంది, బండి వెళ్ళిపోతుంది. మరుసటి ఎండాకాలం మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే గ్యాస్. ఇలా కొన్నేళ్ళు గడిచాక బోనెట్ కింద గరగరమని శబ్దం మొదలవుతుంది. "కంప్రెసర్ పట్టేసింది సార్, మార్చాల్సిందే" అంటాడు మెకానిక్. అన్నేళ్ళూ గ్యాస్ గురించి మాట్లాడుకున్నారు గానీ, ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా ఆయిల్ ఊసెత్తలేదు.

ఈ రోజు ఆ ఆయిల్ గురించే మాట్లాడుకుందాం. సొంత కారు ఉన్నవాళ్ళకూ, మరీ ముఖ్యంగా అద్దె కారు నడుపుకుని బతికేవాళ్ళకూ ఇది తెలియాలని నా కోరిక. కంప్రెసర్ ఖర్చు ఒక క్యాబ్ డ్రైవర్ ఇంటి బడ్జెట్‌ను తలకిందులు చేస్తుంది. ఆ ఖర్చులో చాలా భాగాన్ని తప్పించే అవకాశం కొద్ది మిల్లీలీటర్ల నూనె దగ్గరే ఉంది.

కంప్రెసర్ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది. అందువల్ల ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడు దీని సంగతి కూడా చూసే ఉంటారని చాలామంది అనుకుంటారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఏసీ ఆయిల్ వేరు, అది ఉండే చోటు వేరు, తిరిగే దారి వేరు. పరిమాణం కూడా చాలా తక్కువ. చిన్న కారు ఏసీ మొత్తంలో ఉండేది సుమారు 100 మిల్లీలీటర్లు, కొన్నింటిలో ఇంకా తక్కువ. వెనక సీట్లకు కూడా విడిగా కూలింగ్ ఉన్న పెద్ద బండిలో 200 దాటవచ్చు. చిన్న కారు మాటకొస్తే, టీ కొట్టులో ఇచ్చే గ్లాసుడు నూనె, అంతే.

అంత కొద్ది నూనె చేసే పని ఏమిటో చూడండి. చాలా కార్ల కంప్రెసర్లలో ఏటవాలుగా బిగించిన ఒక పళ్ళెం గిరగిరా తిరుగుతూ చుట్టూ ఉన్న పిస్టన్లను ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ పళ్ళెం, పిస్టన్లు, వాటిని కలిపే చిన్న దిమ్మలు, ఇరుసును మోసే బేరింగులు, ఇరుసు దగ్గర గ్యాస్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు, అన్నీ ఆ నూనె మీదే ఆధారపడతాయి. పైగా ఇంజిన్‌లో ఉన్నట్టు అడుగున ఒక చట్టి, దానిలోంచి నూనెను తోడిపోసే పంపు సాధారణంగా ఇందులో ఉండవు. నూనెను మోసుకు తిరిగేది గ్యాసే. కంప్రెసర్‌లోంచి తుంపరలుగా గ్యాస్‌తో పాటు బయలుదేరి, బండి ముందున్న కండెన్సర్ గుండా, తేమను పీల్చే డ్రయర్ గుండా, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి పోయి, అక్కణ్ణించి మళ్ళీ కంప్రెసర్‌కు చేరుకుంటుంది. బండి ఆపి చూస్తే నూనెలో ఒక భాగమే కంప్రెసర్‌లో ఉంటుంది. తక్కినది కండెన్సర్‌లో కొంత, కాయిల్‌లో కొంత, డ్రయర్‌లో కొంత, పైపుల గోడలకు అంటుకుని కొంత.

ఇది మనసులో పెట్టుకుంటే తక్కిన విషయాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. గ్యాస్ తగ్గితే నూనెను వెనక్కి తెచ్చే ప్రవాహం తగ్గుతుంది. నూనె కాయిల్ అడుగున నిలిచిపోతుంది, కంప్రెసర్ ఎండిపోతుంది. అంటే నూనె బయటికి పోకపోయినా, గ్యాస్ తక్కువగా ఉన్న బండిలో ఏసీ నడపడమే కంప్రెసర్‌కు హాని. అందుకే గ్యాస్ మరీ తగ్గితే కంప్రెసర్ ఆగిపోయేలా తయారీదారులు ప్రెజర్ స్విచ్ పెడతారు. కొందరు మెకానిక్కులు ఆ స్విచ్ వైర్లు కలిపేసి "డైరెక్ట్" చేస్తారు. కస్టమర్ తొందరపెడతాడు, ఎండ మండిపోతుంటుంది, ఏదో ఒకటి చేసి పంపాలనిపిస్తుంది. నాకు ఆ ఒత్తిడి అర్థమవుతుంది. కానీ ఆ స్విచ్‌ను డైరెక్ట్ చేయడమంటే, కంప్రెసర్‌కు ఉన్న ముఖ్యమైన కాపలాను తీసేయడమే. దయచేసి ఆ పని చేయకండి, చేయించుకోకండి.

మరి నూనె ఎంత ఉందో చూసేదెలా? ఇంజిన్‌కు ఉన్నట్టు పుల్ల ఉంటుందా అని అడుగుతారు. ఇప్పటి కార్లకు ఉండదు. ఒకప్పుడు ఉండేది. అమెరికా కార్లలో వాడిన పాత యార్క్, టెకమ్సే కంప్రెసర్లకు అడుగున నూనె నిలిచే చోటు ఉండేది, బిరడా తీసి పుల్ల ముంచి చూసేవారు. శాండెన్ కంపెనీ ఎస్డీ రకం కంప్రెసర్లకూ నూనె బిరడా ఉంటుంది. వాటిలో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు గ్యాసంతా తీసేయాలి. తర్వాత బిరడా విప్పి, లోపలి భాగాలు పుల్లకు అడ్డురాని స్థితికి వచ్చేదాకా కంప్రెసర్ ముందున్న క్లచ్‌ను చేత్తో తిప్పాలి. అప్పుడు వంపు తిరిగిన కొలత పుల్లను చివరిదాకా దించి, ఎన్ని గీతల వరకు తడిసిందో లెక్కపెట్టాలి. పాత భారీ వాహనాల మీద పనిచేసేవాళ్ళు ఈ పద్ధతి మరిచిపోకూడదు. మామూలు కారుకు మాత్రం ఇది పనికిరాదు. గ్యాస్ ఉండగా కంప్రెసర్ మీది బోల్టు విప్పడం ప్రమాదం కూడా. లోపలి గ్యాస్ ఒత్తిడితో ఎగజిమ్మి చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. కళ్ళకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లవ్స్ లేకుండా ఈ పనికి దిగకూడదు.

గ్యాస్ గేజిని చూసి నూనె సంగతి చెప్పడం కూడా సాధ్యం కాదు. నిజానికి గేజి గ్యాస్ సంగతే సరిగ్గా చెప్పదు. ఏసీ ఆపి ఉన్నప్పుడు గేజిలో కనిపించే ఒత్తిడి లోపలి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. ఇప్పుడు మన దేశంలో ఎక్కువ కార్లలో ఉన్న గ్యాస్ ఆర్-134ఏ. అది 30 డిగ్రీల దగ్గర చదరపు అంగుళానికి సుమారు 97 పౌండ్ల ఒత్తిడి చూపిస్తుంది, 40 డిగ్రీల దగ్గర 130 దాటుతుంది. లోపల ద్రవరూపంలో గ్యాస్ కాస్త మిగిలి ఉన్నా అంతే, నిండా ఉన్నా అంతే. అందుకే గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. బోనెట్ కింద అంటించిన స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో కంపెనీవాళ్ళే రాసి ఉంచుతారు. చాలా బండ్లలో నూనె రకం కూడా అక్కడే ఉంటుంది.

అందువల్ల నూనెను "చూడటం" అంటే ఇక్కడ రెండే దారులు. ఒకటి, బయటికి పోయిన జాడ వెతకడం. రెండు, విప్పినప్పుడల్లా కొలవడం.

మొదటిది ఎవరైనా చేయగలరు. నూనె గ్యాస్‌తో కలిసి తిరుగుతుంది కాబట్టి గ్యాస్ కారిన చోట నూనె కూడా కాస్త బయటికి వస్తుంది. గ్యాస్ ఎగిరిపోతుంది, నూనె మిగులుతుంది, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి జిడ్డు మరక ఏర్పడుతుంది. బండి ఆపి, ఇంజిన్ చల్లారాక, టార్చి లైటుతో చూడండి. కంప్రెసర్ క్లచ్ వెనక భాగం, పైపులు కలిసే జాయింట్లు, రబ్బరు గొట్టానికి అల్యూమినియం పైపును నొక్కి బిగించిన చోటు, కండెన్సర్ అడుగు అంచులు, గ్యాస్ ఎక్కించే మూతల చుట్టూ. తడి జిడ్డు కనిపిస్తే లీకు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. డ్యాష్‌బోర్డు వెనక కాయిల్ మాత్రం కంటికి ఆనదు. లోపల ఆయిల్‌తో కలిసే రంగు వేసి కొన్నాళ్ళు తిప్పి, అతినీలలోహిత లైటు వేసి చూస్తే జాడ తెలుస్తుంది. ఏసీ నీళ్ళు కారే గొట్టం చివర ఆ రంగు కనబడితే లీకు కాయిల్‌లో ఉన్నట్టే.

ఎంత నూనె పోయిందన్నది లీకు తీరును బట్టి ఉంటుంది. సన్నగా, నెలల తరబడి ఆవిరిగా కారితే పోయే నూనె చాలా తక్కువ. గొట్టం పగిలినా, రాయి తగిలి కండెన్సర్‌కు చిల్లు పడినా ఒక్కసారిగా బుస్సుమని పోతుంది. అప్పుడు నూనె కూడా ఎక్కువగా పోతుంది. ఈ తేడా అడిగి తెలుసుకోకుండా నూనె పోసే మెకానిక్ చీకట్లో బాణం వేస్తున్నట్టే.

ఇక రెండో దారి, కొలవడం. నా దృష్టిలో ఈ పనికంతటికీ గుండెకాయ ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

కంప్రెసర్ పనిచేస్తూనే ఉండి, శబ్దాలేవీ లేకపోతే, విప్పే ముందు ఒక పని చేయమని చాలా సర్వీస్ పుస్తకాలు చెబుతాయి. ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసి, బ్లోయర్‌ను గరిష్ఠంగా పెట్టి, ఓ 10 నిమిషాలు నడపాలి. దారిలో అక్కడక్కడా నిలిచిన నూనె ఆ ప్రవాహంతో కంప్రెసర్‌కు తిరిగొస్తుంది. కంప్రెసర్ గరగరలాడుతున్నా, లీకు పెద్దదైనా ఇది చేయకూడదు. ఆ తర్వాత గ్యాస్‌ను రికవరీ మిషన్‌లోకి తీసుకోవాలి, గాలిలోకి వదలకూడదు. ఒక కిలో ఆర్-134ఏ గాలిలో కలిస్తే, అది భూమిని వేడెక్కించే శక్తి కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా ఉంటుంది. ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించాలని 2016లో కిగాలిలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. గ్యాస్ వదిలేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. జోరుగా బయటికి వదిలినప్పుడు నూనె కూడా కొట్టుకుపోతుంది, ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. మిషన్‌తో నెమ్మదిగా తీస్తే, దానితో వచ్చిన నూనె పక్కనున్న గీతల సీసాలోకి విడిగా చేరుతుంది. ముందు సీసాలో ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది, తేడా ఎంత? ఆ తేడా తిరిగి పోయాలి. 15 మిల్లీలీటర్లు వస్తే 15 మిల్లీలీటర్ల కొత్త నూనె.

ఇప్పుడు కంప్రెసర్ మార్చే సందర్భం తీసుకుందాం. ఒక బండికి కంపెనీ చెప్పిన మొత్తం నూనె 120 మిల్లీలీటర్లు అనుకోండి. కొత్త కంప్రెసర్ డబ్బాలోంచి తీశారు. సాధారణంగా దానిలో మొత్తం ఏసీకి సరిపడా నూనె ముందే పోసి పంపుతారు, అంటే 120. పాత కంప్రెసర్ విప్పారు. దాన్ని తలకిందులు చేసి, గొట్టాలు తగిలే రెండు రంధ్రాల నుంచీ, బిరడా ఉంటే దాని నుంచీ, ఇరుసును చేత్తో తిప్పుతూ, నూనెను కొలత గ్లాసులోకి వంపారు. 40 మిల్లీలీటర్లు వచ్చింది. మరి తక్కిన 80 ఎక్కడ? కండెన్సర్‌లో, కాయిల్‌లో, డ్రయర్‌లో, పైపుల్లో ఉంది. అది అక్కడే ఉండిపోతుంది. కాబట్టి కొత్త కంప్రెసర్‌లోంచి 80 తీసేసి, 40 మాత్రమే ఉంచి బిగించాలి. పాత కంప్రెసర్ లోపలి గోడలకు అంటుకుని వంపినా రాని నూనె కొంత ఉంటుందని, కొన్ని కంపెనీలు ఇంకో 10 లేదా 20 కలపమంటాయి. అంతవరకే.

కొలవకుండా కొత్తదాన్ని ఉన్నదున్నట్టు బిగిస్తే ఏమవుతుంది? 120 ఉండాల్సిన ఏసీలో 200 అవుతుంది. "నూనె ఎక్కువైతే మంచిదేగా, కంప్రెసర్ బాగా తిరుగుతుంది" అని కొందరంటారు. అలా జరగదు. ఎక్కువైన నూనె కండెన్సర్, కాయిల్ గొట్టాల లోపలి గోడలకు పొరగా పట్టేస్తుంది. ఆ పొర వేడిని సరిగా దాటనివ్వదు. కొత్త కంప్రెసర్ వేసినా చల్లదనం రాదు. కస్టమర్ తిరిగి వస్తాడు. గ్యాస్ తక్కువైందేమోనని మెకానిక్ ఇంకాస్త ఎక్కిస్తాడు. హై సైడ్‌లో, అంటే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు పోయే వైపు, ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ మరింత బరువు మోస్తుంది, ఇంజిన్ మీద భారం పడుతుంది. నూనె ముద్దగా పిస్టన్ల దగ్గరికి వస్తే వాల్వు రేకులు విరిగే ప్రమాదమూ ఉంది. ద్రవాన్ని నొక్కడం పిస్టన్ వల్ల కాదు కదా. ఇదంతా కొలత గ్లాసులోకి వంపకపోవడంతో మొదలైంది.

పాత కంప్రెసర్ నుంచి నూనె చాలా తక్కువ వస్తే సంగతి వేరు. అప్పుడు తక్కినది లోపలే ఉందని ధైర్యంగా అనుకోలేం, లీకులో పోయి ఉండవచ్చు. వచ్చింది 30 మిల్లీలీటర్ల కంటే తక్కువైతే కొత్తదానిలో 60 ఉంచమని కొన్ని కంపెనీల పుస్తకాలు చెబుతాయి. ఒక్కో కంపెనీ అంకె ఒక్కోలా ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. లోపలంతా కడిగి, డ్రయర్ కూడా మార్చి ఉంటే లెక్క మొదటి నుంచీ మొదలవుతుంది, అప్పుడు మొత్తం పరిమాణం పోయాల్సిందే. కంప్రెసర్ కాకుండా వేరే భాగం మార్చినా ఇదే సూత్రం. కండెన్సర్ మార్చితే సుమారు 30 మిల్లీలీటర్లు, కాయిల్ మార్చితే 30 నుంచి 50 దాకా, డ్రయర్‌కు 10 నుంచి 30 దాకా, చిన్న పైపుకు 10. ఇవి ఉజ్జాయింపు అంకెలు, దిశ చూపడానికే. ఎంత బయటికి పోయింది, ఎంత లోపల పెట్టాం, చివరికి మిగులు ఎంత? కిరాణా కొట్టులో పద్దు రాసినంత శ్రద్ధగా రాసుకుంటే తప్ప ఈ పని కుదరదు.

కొలిచేటప్పుడు పరిమాణమే కాదు, ఆ నూనె ఎలా ఉందో కూడా చూడాలి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. కొత్త నూనె పారదర్శకంగా ఉంటుంది, రంగు వేసి ఉంటే ఆకుపచ్చగానో పసుపుగానో ఉంటుంది. కాస్త రంగు మారినా పల్చగా, శుభ్రంగా ఉంటే భయం లేదు. వెండి రంగు తళుకు కనిపిస్తే లోపల అల్యూమినియం అరుగుతోందని అర్థం. నల్లగా, మసిలా ఉండి వేళ్ళకు గరుకుగా తగిలితే కంప్రెసర్ లోపల కాలి, అరిగి, ఆ పొడి దారంతా పాకిందన్నమాట. ఆ పరిస్థితిలో కంప్రెసర్ ఒక్కటే మార్చడం డబ్బు వృథా. ఇప్పటి కండెన్సర్ల గొట్టాల్లో సూది మొనంత సన్నటి దారులుంటాయి, వాటిలో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు. కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చాలి, పైపులు కడగాలి. ఖర్చు ఎక్కువే. కానీ అవన్నీ వదిలేసి కొత్త కంప్రెసర్ బిగిస్తే, ఆ పొడి తిరిగి తిరిగి చేరేది ఆ కొత్త కంప్రెసర్‌లోకే. "మూడు నెలలకే మళ్ళీ పోయింది, డూప్లికేట్ సరుకు అంటగట్టారు" అని తిట్టుకునే సందర్భాల్లో చాలాసార్లు అసలు దోషం వదిలేసిన ఆ పొడిదే.

నూనె రకం గురించి కూడా చెప్పాలి. పాత ఏసీ కార్లలో ఆర్-12 గ్యాస్ ఉండేది, దానికి మినరల్ ఆయిల్. ఓజోన్ పొరకు హాని చేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఆ గ్యాస్‌ను దశలవారీగా తీసేశారు, ఆర్-134ఏ వచ్చింది. మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కలవదు. కలవని నూనెను గ్యాస్ మోసుకుని తిరగలేదు. అందుకని పాగ్ ఆయిల్ అనే కృత్రిమ నూనె వచ్చింది. దానిలోనూ 46, 100, 150 అని చిక్కదనాన్ని బట్టి రకాలున్నాయి. సంఖ్య పెరిగే కొద్దీ నూనె చిక్కగా ఉంటుంది. ఏ కంప్రెసర్‌కు ఏది అన్నది తయారీదారు నిర్ణయం. చిక్కటిది మంచిదేమో అని 46 ఉండాల్సిన చోట 150 పోయకూడదు. అమెరికాలో, ఐరోపాలో ఉంటున్న మన తెలుగువాళ్ళ కొత్త కార్లలో ఇప్పుడు ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ అనే గ్యాస్ ఉంటుంది. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఏ వాడకం ఆపేశారు. ఆర్-1234వైఎఫ్‌కు తగిన పాగ్ ఆయిల్ వేరు, అది కాస్త మండే స్వభావమున్న గ్యాస్ కూడా. అక్కడ ఇంటి దగ్గర సొంతంగా డబ్బా కొని ఎక్కించుకునే అలవాటు ఉన్నవాళ్ళు బోనెట్ కింద స్టిక్కర్ చదవకుండా మూత తెరవవద్దు. లీకు ఆపే జిగురు కలిపిన డబ్బాలకు అసలే దూరంగా ఉండండి. అవి వాల్వులో, మిషన్ గొట్టాల్లో గడ్డకడతాయి.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వాటిలో చాలావాటికి బెల్టు ఉండదు. కంప్రెసర్ లోపలే మోటారు ఉంటుంది, ఆ మోటారు చుట్లు నూనెలో తడుస్తూనే ఉంటాయి. నూనె విద్యుత్తును ఆపగలగాలి. అందుకని చాలా బండ్లలో ఎస్టర్ జాతి నూనె వాడతారు. మామూలు పాగ్ కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని, బండి లోపం చూపించి ఆగిపోవచ్చు. పెట్రోలు కార్లకు వాడిన మిషన్ గొట్టాల్లో మిగిలిన పాగ్ చాలు ఆ కల్తీకి. అధిక వోల్టేజీ ఉండే నారింజ రంగు వైర్లు కనిపించిన చోట శిక్షణ లేనివాళ్ళు చెయ్యి పెట్టకూడదు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ ఏసీయే కాబట్టి, ఇక్కడి లోపం ప్రయాణం మీదే దెబ్బ కొడుతుంది.

పాగ్ ఆయిల్‌కు ఒక బలహీనత ఉంది. అది గాలిలో తేమను ఆశగా పీల్చుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో పనిచేసే మెకానిక్కులకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. డబ్బా మూత తీసి టీకి వెళ్ళి వస్తే ఆ నూనె పాడైనట్టే లెక్క. సగం వాడిన డబ్బాను షెల్ఫులో పెట్టి వచ్చే ఎండాకాలం తీయవద్దు. చిన్న డబ్బాలు కొనండి, వాడేముందే తెరవండి, వెంటనే మూత బిగించండి. విప్పిన పైపుల చివరలకూ బిరడాలు పెట్టండి. నీరు లోపలికి చేరితే వాల్వు సన్నటి దారిలో మంచుగా గడ్డకట్టి ఆపేస్తుంది, గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది. అందుకే గ్యాస్ ఎక్కించే ముందు వాక్యూమ్ పెడతారు. గాలి లాగేసి ఒత్తిడి తగ్గిస్తే నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వస్తుంది. కనీసం అరగంట, తేమగా ఉన్న రోజుల్లో అంతకంటే ఎక్కువసేపు. తర్వాత పంపు ఆపి కాసేపు గేజి చూడాలి. ముల్లు కదిలితే లీకు ఇంకా ఉంది, గ్యాస్ జోలికి పోవద్దు. రెండు నిమిషాలు పంపు ఆన్ చేసి "వాక్యూమ్ అయిపోయింది సార్" అంటే మాత్రం ఒప్పుకోకండి. అక్కడే నిలబడి చూసే హక్కు మీకు ఉంది.

నూనె పోసే పద్ధతి నిజానికి తేలిక. కంప్రెసర్ బయట ఉంటే, గ్యాస్ లోపలికి వచ్చే రంధ్రంలో కొలిచిన నూనె పోసి, ముందు భాగాన్ని చేత్తో పది చుట్లు తిప్పాలి. దీనివల్ల నూనె లోపలంతా పాకుతుంది, సిలిండర్లో ముద్దగా నిలవదు. కండెన్సరో కాయిలో మార్చుతుంటే, కొలిచిన నూనెను బిగించే ముందే ఆ కొత్త భాగంలో పోయవచ్చు. అంతా బిగించి ఉంటే, వాక్యూమ్ పూర్తయ్యాక, గ్యాస్ ఎక్కించే ముందు, చిన్న ఇంజెక్టర్‌తో లో సైడ్ నుంచి, అంటే కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు నుంచి, లాగించవచ్చు. మంచి మిషన్లు ఎన్ని మిల్లీలీటర్లో నొక్కితే అవే ఎక్కిస్తాయి. ఆ తర్వాత ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచి కొన్ని నిమిషాలు ఏసీ నడపాలి. కొత్త కంప్రెసర్‌ను మొదటి నిమిషాల్లోనే హైవే వేగంతో పరీక్షించకూడదు.

చలికాలంలో ఏసీ నెలల తరబడి ఆపేసేవాళ్ళకు ఒక మాట. వారానికి ఒకసారి అయినా పది నిమిషాలు వేయండి. ఇరుసు సీలుకు నూనె అందుతుంది. ఎండిన సీలు ముడుచుకుపోతే గ్యాస్ మెల్లగా అక్కడి నుంచే జారిపోతుంది. డిసెంబరులో అద్దం మీద పొగమంచు పట్టినప్పుడు ఏసీ వేస్తే అద్దం త్వరగా తేటపడుతుంది, సీలుకూ మేలు.

ఈసారి ఏసీ పనికి వెళ్ళినప్పుడు మెకానిక్‌ను గౌరవంగానే అడగండి. "అన్నా, లీకు ఎక్కడ దొరికింది? నూనె ఎంత వచ్చింది? ఏ రకం పోశావు, ఎన్ని మిల్లీలీటర్లు?" పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. తన శ్రద్ధను గుర్తించే మనిషి దొరికాడని సంతోషిస్తాడు, కొలత గ్లాసు తెచ్చి చూపిస్తాడు. మెకానిక్ సోదరులకు కూడా ఒక విన్నపం. గీతలున్న కొలత గ్లాసు ఖరీదు ఎంతో ఉండదు, దాన్ని ఏసీ పనిముట్ల పెట్టెలో స్క్రూడ్రైవర్ పక్కనే ఉంచండి. తీసిన పాత నూనెను డ్రైనేజీలో పారబోయకండి, కొత్త నూనెతో కలిపి మళ్ళీ వాడకండి, పాత ఇంజిన్ ఆయిల్ సేకరించేవాళ్ళకు ఇచ్చేయండి. పని అయ్యాక ఒక చిన్న స్టిక్కర్ మీద తేదీ, ఎక్కించిన గ్యాస్ గ్రాములు, మార్చిన భాగం, నూనె రకం, పోసిన మిల్లీలీటర్లు రాసి బోనెట్ లోపలి వైపు అంటించండి. తర్వాత ఆ బండి ఇంకే ఊరి షెడ్డుకు వెళ్ళినా, అక్కడి మెకానిక్ మీ అంకె దగ్గర నుంచే లెక్క మొదలుపెట్టగలుగుతాడు.